డిజైన్ పరిశోధన పారదర్శకంగా ఉండాలంటే ఏం చేయాలి: మొదటి రోజు లాగ్ నుంచి పేపర్ దాకా

ఒక సిస్టమ్ కట్టి, దాన్ని మనుషుల చేత వాడించి, ఆ అనుభవం నుంచి కొత్త విషయం నేర్చుకునే పరిశోధనను ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రంగంలో డిజైన్ సైన్స్ రీసెర్చ్ అంటారు. కట్టింది యాప్ కావచ్చు, పద్ధతి కావచ్చు, మోడల్ కావచ్చు. ఏదైనా దాన్ని ఆర్టిఫాక్ట్ అనే పిలుస్తారు. 2004లో హెవ్నర్, మార్చ్, పార్క్, రామ్ కలిసి ఎంఐఎస్ క్వార్టర్లీ అనే జర్నల్‌లో రాసిన వ్యాసం ఈ దారికి ఏడు మార్గదర్శకాలు ఇచ్చింది. 2007లో పెఫర్స్ బృందం పనిని ఆరు దశలుగా విడదీసింది: సమస్యను గుర్తించడం, పరిష్కారం ఏం సాధించాలో చెప్పడం, కట్టడం, వాడి చూపించడం, మూల్యాంకనం, నలుగురికీ తెలియజేయడం. ఈ తరహా థీసిస్ మీరు రాస్తుంటే ఆ ఆరు పెట్టెల బొమ్మ మీ పద్ధతి అధ్యాయంలో ఈపాటికి చేరే ఉంటుంది.

బొమ్మలో తప్పేమీ లేదు. కాకపోతే నిజమైన పని ఆ వరసలో సాగదు. కట్టడం సగంలో ఉండగా సమస్య మారిపోతుంది. మూల్యాంకనంలో బయటపడిన లోపం వల్ల లక్ష్యాలే తిరగరాయాల్సి వస్తుంది. ఇలా వెనక్కీ ముందుకీ నడవడం ఈ పరిశోధన స్వభావమే. దాన్ని పేపర్‌లో చదును చేసి, అంతా అనుకున్నట్టే జరిగిందని రాస్తే మాత్రం చదివేవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

సర్వే చేసినవాళ్లు ప్రశ్నపత్రమూ డేటా ఇస్తే మరొకరు ఆ లెక్కలు మళ్లీ వేసి చూడొచ్చు. డిజైన్ పరిశోధనలో అన్నిటికన్నా ముఖ్యమైన డేటా మీ నిర్ణయాలే. ఎనిమిది బటన్లున్న స్క్రీన్ రెండు బటన్లకు ఎందుకు వచ్చింది, మొదట ఎంచుకున్న అల్గారిథమ్‌ను ఎందుకు వదిలేశారు, రెండో విడతలో యాప్ వాడినవాళ్లను ఎవరు తీసుకొచ్చారు, ఇవన్నీ మీ తలలోనే ఉండిపోతే మీ ఫలితం దేనివల్ల వచ్చిందో బయటివాళ్లు తేల్చుకోలేరు. కోడ్ మొత్తం బయటపెట్టినా తేల్చుకోలేరు. కోడ్‌లో గెలిచిన ఆలోచన మాత్రమే మిగులుతుంది, ఓడినవి చెరిగిపోతాయి.

కాబట్టి ఈ గైడ్ అంతా నిర్ణయాల చుట్టూనే తిరుగుతుంది. చెప్పుకోవడానికి వీలుగా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మిరప రైతు ఫోన్‌తో ఆకు ఫొటో తీసి పంపితే, అది ఏ తెగులో ఏ పురుగో గుర్తించి తెలుగులో సలహా వినిపించే యాప్ మీరు కడుతున్నారు అనుకోండి.

1. మొదటి రోజే నిర్ణయాల లాగ్ తెరవండి

మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి. అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ చాలు. దాన్ని కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే (ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ తేదీతో సహా దాచిపెట్టే చోటు) పెట్టండి. అప్పుడు ప్రతి ఎంట్రీకి తేదీ తనంతట తనే నమోదవుతుంది, ఏ నిర్ణయం తర్వాత కోడ్‌లో ఏం మారిందో పక్కపక్కనే చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ బృందాలు వాడే ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్ అనే చిన్న నమూనా ఒకటుంది. మైకేల్ నైగార్డ్ 2011లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. పరిస్థితి ఏమిటి, నిర్ణయం ఏమిటి, దాని ప్రస్తుత స్థితి ఏమిటి, దానివల్ల వచ్చే పర్యవసానాలు ఏమిటి, ఇంతే. పరిశోధనకు ఇది కొంచెం చాలదు. దీనికి ఇంకో మూడు వరసలు కలుపుకోండి: అప్పుడు మా ముందున్న వేరే దారులు ఏవి, ఈ దారి ఎంచుకోవడానికి ఆధారం ఏమిటి, ఏం కనిపిస్తే ఈ నిర్ణయం మార్చుకుంటాం.

ఒక ఎంట్రీ ఇలా ఉంటుంది:

"నిర్ణయం: సలహాను అక్షరాల్లో చూపించడం ఆపి, గొంతుతో వినిపించాలి. పరిస్థితి: మొదటి ప్రోటోటైప్ చూసిన రైతుల్లో కొందరు ఫోన్‌ను పక్కనున్న పిల్లలకిచ్చి చదివించుకున్నారు. వేరే దారులు: అక్షరాల సైజు పెంచడం, అక్షరాలూ గొంతూ రెండూ ఇవ్వడం, ఫోన్ కాల్ చేసి చెప్పడం. ఆధారం: మా పరిశీలన మాత్రమే, ఇంకా లెక్క తీయలేదు. మార్చుకునే పరిస్థితి: పొలంలో గాలికి, మోటారు చప్పుడుకు వినపడట్లేదని తేలితే. స్థితి: అమల్లో ఉంది."

'మా పరిశీలన మాత్రమే' అన్న మాట చూడండి. ఆ మూడు పదాల నిజాయితీ మూడేళ్ల తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది. వైవాలో ఎవరైనా ఈ నిర్ణయానికి ఏ సిద్ధాంతం ఆధారం అని అడిగితే అప్పటికప్పుడు ఏదో ఒకటి అతికించాల్సిన అవసరం రాదు.

లాగ్ విషయంలో నేను గట్టిగా పట్టుబట్టే నియమాలు కొన్ని ఉన్నాయి. పాత ఎంట్రీని దిద్దకూడదు. నిర్ణయం మారితే కొత్త ఎంట్రీ రాసి, పాతదానిలో స్థితి దగ్గర "ఫలానా ఎంట్రీతో రద్దయింది" అని మాత్రమే చేర్చాలి. ఎంట్రీ నిర్ణయం తీసుకున్న వారంలోనే పడాలి, ఎందుకంటే ఫలితం తెలిసిన తర్వాత రాసే కారణాలు ఎప్పుడూ ఆ ఫలితానికి నప్పేలాగే తయారవుతాయి. మనం కావాలని చేయం, జ్ఞాపకమే అలా పనిచేస్తుంది. వాట్సాప్ గ్రూపులో, ఫోన్‌లో, టీ తాగుతూ తీసుకున్న నిర్ణయాలను కూడా లాగ్‌లోకి ఎక్కించాలి. మన దగ్గర సగం నిర్ణయాలు అక్కడే జరుగుతాయి, గైడ్ గారు వాయిస్ మెసేజ్‌లో చెప్పిన మాటతో సహా. నిర్ణయం ఎవరిదో కూడా రాయండి. "గైడ్ సూచన మీద" అని రాయడానికి మొహమాటపడొద్దు. అందులో నింద ఏమీ లేదు, అది సమాచారం.

ప్రతి చిన్న మార్పునూ రాయాలా అంటే అక్కర్లేదు. బటన్ రంగు మార్చినందుకు ఎంట్రీ వద్దు. ఇది వేరేలా చేసి ఉంటే ఫలితం మారేదా అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. మారి ఉండొచ్చు అనిపిస్తే రాయండి.

2. సమస్య ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చెప్పండి

పేపర్లలో సమస్య తరచూ ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది. "రైతులకు సకాలంలో సలహా అందడం లేదు" అని ఒక వాక్యం, దాని పక్కన నాలుగు సైటేషన్లు. అది ఎవరి సమస్య? ఎవరు చెప్పారు? మీరు కళ్లారా చూసిందెంత?

ఒక కాగితాన్ని నాలుగు భాగాలు చేసి, మీ సమస్య వివరణలోని ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక భాగంలో పెట్టండి: మేం చూసింది, మాకు చెప్పింది, మేం చదివింది, మేం అనుకున్నది. నాలుగోది ఖాళీగా ఉంటే మళ్లీ వెతకండి, ఎంతో కొంత ఉండి తీరుతుంది. మిరప యాప్‌లో "రైతుకు ఫొటో తీసి పంపే ఓపిక ఉంటుంది" అన్నది మీరు అనుకున్నది. "ఎరువుల షాపు యజమాని చెప్పిన మందే కొడతారు" అన్నది మీకు చెప్పింది. చెప్పింది రైతు అయితే ఒక అర్థం, వ్యవసాయ అధికారి అయితే ఇంకో అర్థం. అందుకే చెప్పినవాళ్లు ఏ కోవకు చెందినవాళ్లో కూడా రాయండి.

సమస్య మధ్యలో మారితే దాన్ని దాచొద్దు. పాత సమస్య, కొత్త సమస్య, మార్పుకు కారణం, ఈ మూడూ ఒక చిన్న పేరాలో పెట్టొచ్చు. చదివే పరిశోధకుడికి ఆ పేరా చాలా విలువైనది. అతను కూడా మీ పాత సమస్యతోనే బయల్దేరి ఉండొచ్చు.

ఈ దశలోనే లక్ష్యాలను రాసి తేదీ వేసి పక్కన పెట్టండి. "వాడుకకు సులువుగా ఉండాలి" అంటే ఎవరూ కాదనలేరు, ఎవరూ తేల్చలేరు. "స్మార్ట్‌ఫోన్ ఉన్న రైతు ఎవరి సాయమూ లేకుండా మొదటిసారే ఫొటో పంపి సలహా వినగలగాలి" అంటే తేల్చవచ్చు.

3. అవసరం నుంచి ఫీచర్ దాకా దారి కనపడాలి

ఒక పట్టిక గీయండి. ఎడమవైపు అవసరం, తర్వాత డిజైన్ సూత్రం (ఆ అవసరం తీరాలంటే సిస్టమ్ ఎలా ఉండాలో చెప్పే నియమం), తర్వాత దాన్ని అమలు చేసిన ఫీచర్, చివర ఆధారం. ప్రతి ఫీచర్ నుంచి వెనక్కి నడుస్తూ ఒక అవసరం దాకా చేరగలగాలి. చేరలేని ఫీచర్లు కొన్ని మిగులుతాయి. అవి డెవలపర్‌కు నచ్చి పెట్టినవో, లైబ్రరీలో ఉచితంగా వచ్చినవో అయ్యుంటాయి. వాటిని తీసేయనక్కర్లేదు. "ఇవి సూత్రాల నుంచి రాలేదు" అని పట్టిక కింద రాస్తే చాలు. మూల్యాంకనంలో రైతులకు బాగా నచ్చింది ఆ ఫీచరే అయితే, మీ సూత్రాల వల్లే యాప్ గెలిచిందని చెప్పలేరు కదా.

ఆధారం అన్న గడిలో కచ్చితంగా ఉండండి. సిద్ధాంతం చదివి ఆ ఫీచర్ పెట్టారా, ఫీచర్ పెట్టాక సిద్ధాంతం వెతికారా? రెండూ జరుగుతాయి, రెండూ తప్పు కాదు. రెండోదాన్ని మొదటిదానిలా చూపించడం మాత్రం తప్పు. నా ఉద్దేశంలో ఈ రంగంలో ఎక్కువ నష్టం చేస్తున్న అలవాటు ఇదే. సిద్ధాంతం ఫలానా డిజైన్‌కు దారితీసిందని నమ్మి మరో పదిమంది అదే దారిలో వెళ్తారు. నిజానికి ఆ దారి ఎప్పుడూ లేదు.

వదిలేసిన దారులకూ పేపర్‌లో చోటివ్వండి. రెండు మూడు ముఖ్యమైనవి చాలు, మిగతావి అనుబంధంలో. మీ పని ఏ రకం కొత్తదనమో కూడా ఇక్కడే చెప్పొచ్చు. గ్రెగర్, హెవ్నర్ 2013లో దీనికి నాలుగు గళ్ల పట్టిక ఇచ్చారు: తెలిసిన సమస్యకు కొత్త పరిష్కారం, కొత్త సమస్యకు కొత్త పరిష్కారం, వేరేచోట ఉన్న పరిష్కారాన్ని కొత్త సమస్యకు తేవడం, తెలిసిన సమస్యకు తెలిసిన పరిష్కారం. ఆకు ఫొటోతో తెగులు గుర్తించడం ఇప్పటికే చాలామంది చేసిన పని. అందుకే మీ కొత్తదనం గుర్తించడంలో కాకుండా సలహా వినిపించే తీరులో ఉంటే, అదే మాట సూటిగా రాయండి.

4. ఆర్టిఫాక్ట్ అంటే ఏమేమిటో పూర్తిగా చెప్పండి

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2004లో ఈ-సాగు అనే ప్రాజెక్టు మొదలైంది. వ్యవసాయ నిపుణులు పొలానికి వెళ్లకుండానే, ఊళ్లోని కోఆర్డినేటర్లు తీసి పంపిన పంట ఫొటోలు చూసి రైతుకు సలహా రాసేవారు. తొలి రోజుల్లో ఆ ఫొటోలు సీడీల్లో, కొరియర్ ద్వారా హైదరాబాద్ చేరేవి. ఈ సిస్టమ్‌ను వర్ణించమంటే డేటాబేస్, వెబ్ పేజీ, ఫొటోల ఫార్మాట్ అని మొదలుపెడతాం. కానీ పొలం పొలానికీ తిరిగి ఫొటో తీసిన కోఆర్డినేటర్ లేకపోతే ఆ సిస్టమ్ లేదు. ఏ ఆకును ఎటునుంచి తీయాలో అతనికి తెలుసు. తిరిగొచ్చిన సలహాను రైతుకు అందించేదీ అతనే. సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే వర్ణించి కోఆర్డినేటర్‌ను ఒక్క వాక్యంలో దాటేస్తే, వేరే జిల్లాలో దాన్ని మళ్లీ కట్టేవాళ్లకు ముఖ్యమైన భాగమే దొరకదు.

మీ సిస్టమ్‌లోనూ ఇలాంటి మనుషులు ఉంటారు. యాప్ ఇన్‌స్టాల్ చేసి పెట్టిన ఊరి కుర్రాడు, తప్పుగా వచ్చిన ఫొటోలను రాత్రిపూట ఏరేసిన మీ జూనియర్, జవాబు సందేహంగా ఉన్నప్పుడు ఫోన్ చేసి కనుక్కున్న నిపుణురాలు. యాప్ నడిచిన రోజుల్లో ఎవరెవరు ఏ పని చేశారో జాబితా రాయండి. వాళ్లు చేసిన పని ఆర్టిఫాక్ట్‌లో భాగమా, పరిశోధన కోసం తాత్కాలికంగా పెట్టిన సాయమా అన్నది కూడా తేల్చండి.

ఇక డేటా. ఫొటోలు ఏ ఏడాది, ఏ నెలల్లో, ఏ మండలాల్లో, ఏ రకం ఫోన్లతో తీశారు, వాటికి తెగులు పేరు పెట్టింది ఎవరు, ఇద్దరు నిపుణులకు అభిప్రాయం కుదరని ఫొటోలు ఎన్ని, వాటిని ఏం చేశారు, ఇవన్నీ ఒక పేజీలో రావాలి. ఏడాది ఎందుకంత ముఖ్యమంటారా? మిరపలో తామర పురుగు వల్ల ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి వల్ల కిందికి. ఆకుల ఫొటోలతో మోడల్‌కు ఈ తేడా నేర్పవచ్చు. కానీ 2021-22 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ముఖ్యంగా పూలలో చేరి పూత రాల్చింది. అంతకుముందు తీసిన ఆకుల ఫొటోలతో శిక్షణ పొందిన మోడల్ ఆ పురుగును చూసి ఉండదు, పువ్వును అసలే చూసి ఉండదు. అయినా ధీమాగా ఏదో ఒక పేరు చెబుతుంది. ఫొటోల తేదీలు పేపర్‌లో ఉంటే చదివినవాళ్లు ఈ ప్రమాదాన్ని వాళ్లంతట వాళ్లే పసిగడతారు.

మూల్యాంకనానికి వాడిన వెర్షన్‌కు గిట్‌లో ట్యాగ్ వేయండి. "మా యాప్" అని రాయకుండా ఏ విడత ఏ వెర్షన్‌తో జరిగిందో చెప్పండి. సలహా రాయడానికి చాట్‌జీపీటీ వెనక ఉండేలాంటి పెద్ద భాషా మోడల్ వాడితే మోడల్ పేరు, వెర్షన్, వాడిన తేదీలు, సెట్టింగులు, దానికిచ్చిన పూర్తి ప్రాంప్ట్ భద్రపరచండి. ఆ సేవలు కంపెనీ చేతిలో ఉంటాయి కాబట్టి రేపు అదే ప్రశ్నకు వేరే జవాబు రావచ్చు. అందుకని వచ్చిన జవాబులను కూడా అలాగే దాచి ఉంచండి. కోడ్‌లో ఏ భాగాలు ఏఐ సాయంతో రాశారో ఒక వాక్యం పెట్టండి.

5. మూల్యాంకనం: ముందు రాసుకోండి, తర్వాత అన్నీ చెప్పండి

టెన్షన్ అంతా ఉండేది ఇక్కడే. డిగ్రీ, పేపర్, గ్రాంట్, అన్నీ ఈ అధ్యాయం మీదే వేలాడుతుంటాయి. అందుకే దాపరికం కూడా ఎక్కువగా ఇక్కడే చోటుచేసుకుంటుంది, చాలాసార్లు చేసేవాళ్లకే తెలియకుండా.

ముందుగా ఒకటి రెండు పేజీల ప్లాన్ రాయండి. ఎవరితో పరీక్షిస్తారు, ఎంతమందితో, ఎన్ని రోజులు, ఏం కొలుస్తారు, ఎంత వస్తే పనిచేసినట్టు, ఎంతకంటే తగ్గితే చేయనట్టు. దీన్ని ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ లాంటి వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేస్తే తేదీ ముద్రపడి నిలిచిపోతుంది. వెంటనే అందరికీ చూపించడం ఇష్టం లేకపోతే కొంతకాలం మూసి ఉంచే వీలూ ఉంది. డిజైన్ పరిశోధన మారుతూ సాగేది కదా, ముందే ఎలా కట్టిపడేస్తాం అని కొందరు అడుగుతారు. ప్రాజెక్టు మొత్తానికి ఒకే ప్లాన్ అక్కర్లేదు. ప్రతి విడతకూ మొదలుపెట్టే ముందు ఒక పేజీ చాలు.

మూల్యాంకనం ఏ రకమో స్పష్టంగా చెప్పండి. వెనబుల్, ప్రీస్-హేయె, బాస్కర్‌విల్ 2016లో ఇచ్చిన ఫెడ్స్ చట్రం ఇక్కడ పనికొస్తుంది. మెరుగుపరచడానికి చేసినదా, తుది తీర్పు కోసం చేసినదా అన్నది ఒక తేడా. ల్యాబ్‌లో చేసినదా, నిజమైన మనుషులతో నిజమైన చోట చేసినదా అన్నది ఇంకో తేడా. కాలేజీలో క్లాస్‌మేట్స్‌తో, ముందే తీసి దాచిన ఫొటోలతో చేసిన పరీక్షను పొలంలో పరీక్షగా అనిపించేలా రాయకూడదు. క్లాస్‌మేట్స్‌తో చేసిన పరీక్షకూ విలువ ఉంది, బగ్గులు అక్కడే బయటపడతాయి. దాని పేరుతో దాన్ని పిలిస్తే సరిపోతుంది.

తర్వాత ఫలితాల దగ్గర ఈ విషయాలు వదలకుండా రాయండి. జరిగిన విడతలన్నీ, బాగా రాని వాటితో సహా. ప్రతి విడతలో మొదలుపెట్టినవాళ్లు ఎందరు, చివరిదాకా ఉన్నవాళ్లు ఎందరు, మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు. విడత నడుస్తుండగా యాప్‌లో ఏదైనా మార్చారా? ఎరువుల షాపు వాళ్ల ఒత్తిడి వల్లో, సర్వర్ ఆగిపోవడం వల్లో ఒక వారం సలహాలు అందకపోతే ఆ వారం గ్రాఫ్‌లో ఖాళీగానే కనపడాలి.

మీ సొంత పాత్ర గురించి కూడా రాయాలి, చాలామంది వదిలేసే విషయం ఇది. కట్టినవాళ్లే పరీక్షిస్తున్నప్పుడు రైతులు మొహం మీద బాగాలేదని అనరు. మన ఊళ్లలో ఇంటికొచ్చిన చదువుకునే పిల్లను నొప్పించకూడదని "బాగుందమ్మా" అనేస్తారు. మీరు వారానికోసారి ఊరికెళ్లి పలకరించడం వల్ల వాడకం పెరిగిందా, యాప్ వల్ల పెరిగిందా? వీలైతే ఇంటర్వ్యూలు బృందం బయటివాళ్ల చేత చేయించండి. వీలు కాకపోతే ఎవరు అడిగారు, ఎక్కడ అడిగారు, పక్కన ఎవరున్నారు అన్నవి రాసి, మీరు ఊరికెళ్లిన తేదీలను వాడకం గ్రాఫ్ మీద గుర్తులుగా పెట్టండి. ఆ గుర్తుల దగ్గరే వాడకం పైకి లేస్తుంటే, దాన్ని చూపించిన పేపర్ మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

ముందు అనుకున్న కొలతలకూ, ఫలితాలు చూశాక కొత్తగా కనిపించిన విషయాలకూ వేరువేరు శీర్షికలు పెట్టండి. రెండోవి చాలాసార్లు ఎక్కువ ఆసక్తికరంగా ఉంటాయి. వాటిని ఆసక్తికరమైన కొత్త అనుమానాలుగా చెప్పండి, రుజువులుగా చెప్పకండి.

6. తెరవకూడనివి ఏవో తేల్చుకోండి

పారదర్శకత అంటే చేతికందినదంతా ఇంటర్నెట్‌లో పెట్టడం అనుకుంటే మీ పరిశోధనకు సహకరించినవాళ్లకు హాని జరుగుతుంది. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్‌లో చాలాసార్లు తీసిన చోటు జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి. పేరు తీసేసిన మిరప ఆకు ఫొటో కూడా అది ఎవరి చేనో చెప్పేయగలదు. గొంతు రికార్డింగులైతే ఊళ్లోవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. అమెరికాలో లతాన్యా స్వీనీ 1990 జనాభా లెక్కలతో చేసిన పనిలో, పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టిన తేదీ, ఆడో మగో అన్న మూడు వివరాలతోనే ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని అంచనా వేశారు. పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగిపోడు.

అనుమతి పత్రంలోనే డేటాను ఎవరికి, ఎంతవరకు, ఏ రూపంలో ఇస్తారో రాయండి. డేటా తీసుకున్నాక ఈ మాట అడగడం దాదాపు అసాధ్యం. పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోగానీ చూసుకునే వీలు ఉండాలంటుంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. పరిశోధనకు ఆ చట్టంలో షరతులతో కూడిన మినహాయింపు ఉన్నా, దాన్ని అడ్డం పెట్టుకుని అనుమతి మెట్టును దాటేయడం మర్యాద కాదు.

ఉన్నవాటిని మూడు కుప్పలుగా విడదీయండి: అందరికీ ఇచ్చేవి, అడిగినవాళ్లకు షరతుల మీద ఇచ్చేవి, ఎవరికీ ఇవ్వనివి. మూడో కుప్పలో ప్రతిదానికీ కారణం చెప్పండి, అది లేకపోవడం వల్ల చదివేవాళ్లు ఏ ఫలితాన్ని సరిచూసుకోలేరో కూడా చెప్పండి. కంపెనీతో కలిసి పనిచేస్తుంటే ఈ మాటలు ఒప్పందం రాసేటప్పుడే తేలాలి. నిర్ణయాల లాగ్‌లో కంపెనీ పేర్లు, అంకెలు తీసేసిన రూపాన్ని బయటపెట్టడానికి ఒప్పుకుంటారా అని మొదట్లోనే అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అసలు డేటా ఇవ్వలేకపోతే అదే ఆకారంలో తయారుచేసిన నకిలీ డేటా ఇవ్వండి, కోడ్ నడుస్తుందో లేదో అయినా చూసుకుంటారు.

7. నిలిచే చోట భద్రపరచండి

గిట్‌హబ్ లింకు పేపర్‌లో పెడితే పని అయిపోలేదు. ఆ రిపాజిటరీని మీరు ఎప్పుడైనా తీసేయొచ్చు, పేరు మార్చొచ్చు. మూల్యాంకనం చేసిన వెర్షన్‌ను జెనోడోలో జమచేయండి. సెర్న్, ఓపెన్‌ఎయిర్ కలిసి 2013లో మొదలుపెట్టిన ఈ ఉచిత నిల్వ ప్రతి జమకూ డీఓఐ (మారకుండా నిలిచే గుర్తింపు సంఖ్య) ఇస్తుంది, ఒక్కో రికార్డుకు మామూలుగా 50 జీబీ దాకా పడుతుంది. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ నిల్వలో చేరతాయి కాబట్టి థీసిస్‌లో కూడా ఆ డీఓఐ రాయండి.

జమ చేసేవాటిలో కోడ్‌తో పాటు లాగ్, పట్టిక, మూల్యాంకన ప్లాన్, ఇంటర్వ్యూ ప్రశ్నలు, లైసెన్స్, ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైల్ ఉండాలి. తర్వాత ఈ ప్రాజెక్టు తెలియని ఒక స్నేహితుడికి ఆ లింకు ఇచ్చి, మీ సాయం లేకుండా నడపమనండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ రీడ్‌మీలో ఒక వాక్యం తక్కువైందన్నమాట.

8. పేపర్‌లో చోటు సరిపోదు, ఏం చేయాలి

ప్రధాన పేపర్‌లో మూడు చాలు. విడతల కాలరేఖ ఒక బొమ్మగా: ఏ విడతలో ఏం నేర్చుకున్నారు, దానివల్ల ఏ నిర్ణయం మారింది. అవసరం నుంచి ఫీచర్ దాకా ఉన్న పట్టిక, కుదించి. ఏది ఎక్కడ దొరుకుతుంది, ఏది దొరకదు, ఎందుకు అని చెప్పే ఒక పేరా. మిగతాదంతా అనుబంధానికి వెళ్లొచ్చు.

లోపాలన్నీ చెబితే రివ్యూయర్ రిజెక్ట్ చేస్తారేమో అన్న భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. రాసే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఓడిన విడతను పరిమితుల అధ్యాయంలో మూలన పడేస్తే అది లోపంలా కనిపిస్తుంది. కాలరేఖలో దాని చోట దాన్ని పెట్టి, దానివల్ల ఏ డిజైన్ సూత్రం మారిందో చూపిస్తే అదే మీ పరిశోధన అందించిన జ్ఞానం అవుతుంది. ఎంఐఎస్ క్వార్టర్లీ లాంటి పెద్ద జర్నల్ కూడా పరిశోధన పారదర్శకత గురించి తన సంపాదకీయాల్లో మాట్లాడుతోంది. వాతావరణం ఇటువైపే మారుతోంది.

ఇప్పటికే సగం పని అయిపోయినవాళ్లకు

లాగ్ లేకుండా ఏడాది గడిచిపోయిందా? ఈ రోజే తెరవండి, కానీ గడిచిన ఏడాదిని అప్పుడే రాసినట్టు రాయకండి. గిట్ కమిట్‌లు, ఈమెయిళ్లు, వాట్సాప్ చాట్, మీటింగ్ నోట్సు, ఫోన్‌లో తీసుకున్న వైట్‌బోర్డు ఫొటోలు ముందేసుకుని పెద్ద నిర్ణయాలను మాత్రం ఏరండి. ఒక్కో ఎంట్రీ పైన "తర్వాత రాసినది" అని, దానికి దొరికిన ఆధారం ఏమిటో రాయండి. ఏ ఆధారమూ దొరకకపోతే "జ్ఞాపకం మీద" అని రాయండి. బృందంలో ఇద్దరుంటే ఒకరికొకరు చూపించుకోకుండా విడివిడిగా రాసి, తర్వాత కలిపి చూడండి. జ్ఞాపకాలు కలవని చోట రెండు కథనాలనూ లాగ్‌లో ఉంచండి. పేపర్‌లో ఈ రెండు రకాల ఎంట్రీలకు వేర్వేరు గుర్తులు వాడండి, చదివేవాళ్లు దేన్ని ఎంత నమ్మాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.